సీతాఫలం గింజలు

ఇగో, ఇక్కడ గూడ నల్లే. ఇనుప మంచానికి గూడ నల్లులే. ఉండు, కదలకు, నీ చెయ్యి దిక్కే పాకుతాంది. అయిపాయె. బొటనేలు గోరు చాలు దీనికి. ఎంత నెత్తురు తాగిందో చూడు, నీదే గావచ్చు.

గింత పెద్ద దవాఖాన. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి ఫినాయిల్ పోస్తరు, ముక్కులు పలిగిపోతాయి. నల్లులకు మాత్రం ఏం గాదు. ఇదేందమ్మా అని నేను అడిగితె నర్సమ్మ నా మీదికే లేస్తాంది. జర బయట కూసో అవ్వా అంటది. ఏం, నా కోడలి కాడ నేను కూసోవద్దా? మీ అమ్మ పొద్దుగాలనే మరిపెడల బస్సెక్కిందట, ఇంకా రాకపాయె. మరి నీకు ఇక్కడ ఎవరున్నరు?

మొఖం అటు తిప్పుకుంటె ఎట్ల వాసంతీ? ఇటు తిరుగు. దవడలకు తీగెలు కట్టిండ్రు, నోరు తెరవద్దన్నరు. మెడ తిప్పద్దని అయితె అనలేదు గదా.

పోలీసామె వచ్చింది. కింద టీ తాగుతాంది. తాగినంక పైకి వస్తదట. నోరు లేకున్నా చెయ్యి ఉన్నది గదా అని నీకు కాగితం, పెన్ను ఇస్తదట. జరిగింది జరిగినట్టు రాయమంటదట. నువ్వు ఇంటర్ దాక సదువుకున్నవ్, గబగబ రాస్తవ్. నువ్వు రాసింది ఏందో నాకు తెల్వదు, ఎవరన్న సదివి చెప్పాలె. అందుకే ముందుగాల వచ్చి కూసున్న.

బాత్రూంల జారి పడ్డ అని రాయి. అంతే. నల్లా తాకింది, దవడ ఇరిగింది. ఎవరు కాదంటరు? సబ్బు నీళ్లల్ల ఎంతమంది పడుతలేరు?

కుమారును నిన్నటి సంది ఠాణాల కూసోవెట్టిండ్రు. అన్నం పట్కపోతె ముట్టలేదు. ఎనుమాముల మార్కెట్ల ఆని ట్రాలీ ఆటో అట్లనే ఎండకు నిలవడ్డది. నీ కాగితం మీదనే ఉన్నది అంతా. ఇంటికి వస్తడా, జైలుకు పోతడా, నువ్వు రాసేదాన్ని వట్టి ఉన్నది. నాకు ఒక్కడే కొడుకు. నీకు ఒక్కడే మొగడు.

గట్ల చూడకు. మూడు దినాలాయె గట్లనే చూస్తానవ్. తిట్టాలనుంటె కండ్లతోనే తిడతానవ్, నాకు తెలుస్తలేదా?

అసలు తప్పెవరిది? నేను చెప్పలేదా, ఇంట్లకు ఆ మందు డబ్బాలు తేవద్దని? లగ్గమై వచ్చిన్నాటి సంది చెప్తాన్న. బొద్దెంకలకు కొట్టేది డబ్బా తెచ్చినవ్. నేను ఏం చేసిన? రోకలి దీసుకొని వాకిట్ల వడేసి సొట్టలు వడేదాక గొట్టిన. అది తుస్సుమని నా కాళ్ల మీద చిమ్మింది. అయినా నువ్వు ఇడిసిపెట్టలేదు. మళ్ల మందు చాక్‌పీసు తెచ్చి పొయ్యి చుట్టు గీతలు గీసినవ్. నీ బిడ్డ రాజి ఆ గీతలు ముట్టిన చేతులతోనే రొట్టె తినలేదా? నీ చెంప మీద కొట్టిన ఆనాడు. అవును, కొట్టిన. తప్పయిందని అప్పుడు అనలేదు, ఇప్పుడు గూడ అనను.

నల్లుల మందు కొట్టేటోన్ని పిలిచినవ్ ఒకసారి. యాదికున్నదా? మూతికి గుడ్డ కట్టుకొని, భుజానికి పంపు ఏసుకొని దొరలెక్క వచ్చిండు. చీపురు తిరగేసి నడుం మీద నాలుగు సరిచిన. చెప్పులు గడపల్నే ఇడిసి ఉరికిండు. శివనగర్ అంతా నవ్వింది. నువ్వు మాత్రం నవ్వలే. లోపటికి పోయి తలుపు పెట్టుకున్నవ్.

చంపుడు వద్దని నేను ఎప్పుడన్న అన్ననా? నా అంత చంపినోళ్లు ఎవరున్నరు? మంచాలు ఎండల నిలవెట్టి, సందు సందుకు మసిలే నీళ్లు పోసిన. కుతకుత ఉడికి రాలినయి. ఎలుకను బోన్ల వట్టి, బోనుతోనే బకెట్ల ముంచిన. బుడగలు వచ్చుడు ఆగేదాక కాలు పెట్టి తొక్కి నిలవడ్డ. దోమలకు ఏపాకు పొగ పెట్టిన, బియ్యానికి వావిలాకు ఏసిన. నా చేతులతోని చంపుత. అంగట్ల మందు మాత్రం వద్దన్న. చెట్టుదైతె పానానికి ఏం గాదని నా నమ్మకం.

ఎందుకు అంత పట్టుదల అని నువ్వు అడిగినవ్ ఒకసారి. ఈ ముసల్దానికి పిచ్చి అని ఫోన్ల మీ అమ్మతోని గూడ అన్నవ్, నేను విన్న. ఎందుకో నీకు చెప్పలే. నా కొడుక్కే తెల్వదు, నీకేం చెప్త?

ఇప్పుడు చెప్త విను. పోలీసామె వచ్చేలోపల చెప్త.

కుమారు తర్వాత నాకు ఒక ఆడపిల్ల. అనసూయ. పదునాలుగు నెలలు. గోడ వట్టుకొని నడుస్తుండె. కేసముద్రం దగ్గర మాకు రెండెకరాలు, పత్తి ఏసినం. ఆ ఏడు పురుగు బాగుండె. మీ మామ రాయమల్లు దినాం తప్పిచ్చి దినం మందు కొట్టుడే. పంపుల అడుగున కొంత మిగిలేది. ఆ మిగిలిన దాన్ని పారబోసుకుంటమా? ఊళ్లె ఆడోళ్లందరం ఇండ్లకు తెచ్చుకునేటోళ్లం. నెత్తిల పేన్లకు అదే, పశువుల గోమార్లకు అదే, మంచాల నల్లులకు అదే. చేన్ల పురుగును సంపేది ఇంట్ల పురుగును సంపదా? ఒక్క చుక్క ఏస్తె పక్షం దాక నల్లి అనేది ఉండకపోయేది. అంత సంబురం మాకు.

నులక మంచం. మంచం కోళ్ల సందులల్ల, నులక ముళ్లల్ల పోసిన. గంట సేపు ఎండల పెట్టిన. ఎండింది గదా అనుకున్న. పిల్లకు బువ్వ తినిపిచ్చి, మంచంల ఏసి, మీద పల్చటి బట్ట కప్పిన. బోరు కాడికి బట్టలు ఉతుకవోయిన. పట్టవగలు. అంతా మూడు చీరెలు, రెండు ధోతులు. ఎంత సేపయితది?

వచ్చే వరకు పిల్ల నులక నోట్ల పెట్టుకొని ఉన్నది. పండ్లు వచ్చే ఈడు, దొరికిందల్ల కొరుకుతుండె. మూతి నిండ నురుగు. కండ్లు తెరిచే ఉన్నయి, నల్లగుడ్డు సూదిమొన అంత అయింది. మీ మామ సైకిల్ మీద ముందట కూసోవెట్టుకొని తొక్కిండు, నేను ఎనుక ఉరికిన. కేసముద్రం రైలు గేటు వడ్డది. గూడ్సు బండి. ఎన్ని డబ్బాలు, ఎన్ని డబ్బాలు. గేటు లేసేటాళ్లకు అయిపోయింది.

ఇంటికి వచ్చినంక మీ మామ ఒక్కటే అడిగిండు. మంచానికి మందు ఎవరు పోసిండ్రు అని. నేను అబద్ధం ఆడలే. నేనే పోసిన అన్న. అంతే. పిల్లను ఇంకా బొంద పెట్టనే లేదు, వాకిట్లనే పండవెట్టి ఉన్నది. పార కామ, గంత లావు కర్ర, దీసుకొని కొట్టుడు సురువు చేసిండు. ఈ బుజం చూడు, ముట్టుకొని చూడు, బొక్క మీదికి లేసి ఉన్నది. ఇప్పటికీ ఈ చెయ్యి నెత్తి మీదికి పోదు. జడేసుకోవాలంటె నెత్తి వంచుకోవాలె. రెండు పండ్లు వోయినయి. కుమారుకు నాలుగేండ్లు. గడపల నిలవడి చూసిండు, ఎందుకు కొట్టిండో ఆనికి తెల్వదు. చెల్లె జరమొచ్చి పోయిందనే చెప్పుకుంట వచ్చిన.

ఆనాడే రెండు ఒట్లు పెట్టుకున్న. ఒకటి, ఇంట్ల మందు ఉండద్దు. రెండోది ఎవరికీ చెప్పలే. ఇంకెప్పుడు, ఎంత జరిగినా, నేనే చేసిన అని నోటితోని అనద్దు.

ఏడ్వకు. ముక్కుల నీళ్లు వస్తె ఊపిరాడది నీకు. తుడుచుకో.

ఇగ ఐతారం సంగతి. నీకు సగం తెలుసు.

శుక్రారం నాడు టీచరమ్మ డైరీల రాసింది, రాజి నెత్తిల పేన్లున్నయి, పక్క పిల్లలకు ఎక్కుతానయి అని. నీకు ఇజ్జత్ వోయినట్టయింది. మెడికల్ షాపుకు వోయి పేన్ల శాంపూ తెచ్చినవ్. ఆ సీసా చూడంగనే నా నెత్తురు మసిలింది. గుంజుకొని ఇసిరికొట్టిన, గేటు కాడి చెత్త బుట్టల వడ్డది. నువ్వు డ్యూటీకి పోవాలె, ఐతారం చీరెల షాపుల గిరాకి ఉంటదని తొందర. గడపల చెప్పులేసుకుంట నాకు చెప్పినవ్. అత్తా, ఆ సీతాఫలం గింజలు మాత్రం పెట్టకు, కండ్లళ్ల వడితె కండ్లు పోతయట, ఫోన్ల చూసిన, నీ కాళ్లు మొక్కుత అన్నవ్.

అన్నవ్. నేను విన్న. వినలేదని ఎవరికీ చెప్పను.

ఫోన్ల చూసి నాకు చెప్తాంది అనుకున్న. మా అవ్వ పెట్టింది, మా అవ్వకు వాళ్లవ్వ పెట్టింది. సీతాఫలం తిని గింజ ఊంచి దాసిపెట్టుకోనోళ్లు మా దిక్కు ఎవరున్నరు? డబ్బాల అర్ధసేరు ఉన్నయి. నువ్వు అట్ల గల్లి మలిగినవో లేదో, ఇటు నేను బండ కడిగిన. గింజలు పలగ్గొట్టి, రాతి పొత్రంతోని మెత్తగ నూరి, కొబ్బరి నూనె కలిపిన. ఇంకో రెండు గుప్పిళ్లు ఎక్కువనే ఏసిన. నీ మీది కోపం.

రాజి వద్దన్నది. అమ్మ వద్దన్నది నాయనమ్మా అన్నది. ఆ మాటకే నాకు ఇంకింత లేసింది. రెక్క వట్టి గుంజి మోకాళ్ల నడుమ అదుముకున్న. ఎనిమిదేండ్ల పిల్ల ఎంత బలం చేస్తది? నెత్తికంతా పూసి, గుడ్డ గట్టి, ఎండల కూసోవెట్టిన. చెమట వచ్చింది. మంటలేస్తాంది నాయనమ్మా అన్నది. పేన్లు చస్తానయి, ఓర్సుకో అన్న. వీపు మీద ఒకటి ఇచ్చిన గూడ.

స్నానం పోసేటప్పుడు నెత్తి ఎనుకకు వంచి పొయ్యాలె. ఆ సంగతి నాకు తెలుసు. కని ఈ బుజం లేవది గదా, నిలవడ్డ పిల్ల మీద పై నుంచే గుమ్మరిచ్చిన. మొఖం మీదికెళ్లి కారింది మొత్తం. అది ఎట్ల మొత్తుకున్నదో, వాసంతీ. గోడలకు తాకుకుంట ఉరికింది. కండ్లళ్ల ఏళ్లు పెట్టి పీక్కుంటాంది. నేను చేతులు రెండు వట్టుకున్న.

నీళ్లతోని కడగాలని నాకు తోచలే. ఆముదం ఏసిన రెండు కండ్లళ్ల. చల్లగ ఉంటదనుకున్న. గుడ్డ తడిపి గట్టిగ కట్టిన. రెండు గంటలు. కుమారుకు ఫోన్ చెయ్యలే, నీకు చెయ్యలే, పక్కింటోళ్లను పిలువలే. అప్పుడే నీళ్లతోని అరగంట కడిగితె గింత అయ్యేది కాదట, డాక్టరు అన్నడు. నేను ఆ రెండు గంటలు ఏం చేసిననో తెలుసా?

బండ అటు మూలకు జరిపిన. గింజల డబ్బాను మోరిల కుమ్మరిచ్చిన. చెత్త బుట్టల నుంచి నీ శాంపూ సీసా దీసి, కడిగి, సగం పారబోసి, బాత్రూంల సబ్బు పక్కన పెట్టిన.

అమ్మా.

కొట్టినవా? మంచి పని చేసినవ్. స్టీలు గ్లాసు, సక్కగ కనుబొమ్మ మీద తాకింది. ఇంకేమన్న ఉంటె అది గూడ ఇసురు. టిఫిన్ గిన్నె ఉన్నది, నీ చెయ్యి కిందనే. ఇసురు. నర్సమ్మ అడిగితె నేనే జారి పడ్డ అని చెప్త.

ఉండు. అయిపోలేదు. సగంల ఆపితె మళ్ల నాకు నోరు రాదు.

కుమారు తినటానికని వచ్చిండు. పిల్ల అరుగు మీద కూసొని ఉన్నది కండ్లకు గుడ్డతోని, ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు. ఏమైందవ్వా అన్నడు. ఆ మాట కోసమే చూస్తాన్న నేను. నీ పెండ్లాం పేన్ల మందు తెచ్చింది గదా, పొద్దుగాల పోయేముందు పిల్ల నెత్తికి పూసి పోయింది, కడగంగనే గిట్లయింది, బాత్రూంల చూడు సీసా అన్న. అంతా ఒక్క గుక్కల. వాడు బాత్రూంలకు పోయి సీసా దీసుకొని వచ్చిండు.

నువ్వు అప్పుడే రావాల్నా? ఇంకో పది నిమిషాలైతె పిల్లను ఏసుకొని దవాఖానకు పోతుండె. కోపం చల్లారునేమో. నువ్వు గేటు తీసినవ్. చేతిల సంచి ఉన్నది. పొద్దుగాల్ల నాతోని లొల్లి అయిందని, సగం దినం పర్మిషన్ అడుక్కొని వచ్చినట్టున్నవ్.

నేను పెట్టలే, నేను పెట్టలే అని రెండుసార్లు అన్నవ్. మూడోసారి అననియ్యలే. ముందు సీసాతోని కొట్టిండు, అది ప్లాస్టిక్కు, ఎగిరిపోయింది. తర్వాత చుట్టు చూసిండు.

చుట్టు చూసిండు బిడ్డా. ఏదన్న దొరుకుతదా అని. నాకు గప్పుడు టైం ఉండె. మూడు మాటలు. నేనే పెట్టిన కొడుకా. అంతే గదా. నోరు తెరిచిన గూడ. కని ఆ పార కామ యాదికొచ్చింది. ఆని చెయ్యి రాయమల్లు చెయ్యిలెక్కనే ఉన్నది, అదే మణికట్టు. నా నోరు నేనే మూసుకున్న.

మూలకు జరిపిన బండ కాడికి వోయి పొత్రం లేవట్టిండు. దానికి గింజల ముద్ద ఇంకా అంటుకొని ఉన్నది. నూనె జిడ్డు. ఆనికి కనవడలే, నాకు కనవడ్డది. ఒక్కసారి చేతిలకెళ్లి జారింది గూడ. కిందికెళ్లి మళ్ల అందుకున్నడు. జారినప్పుడన్న నేను పోయి అడ్డం నిలవడితె? నిలవడలే. మొదటిది బుజం మీద, రెండోది దవడ మీద, మూడోది నువ్వు వడ్డంక.

నీ చెంప మీద ఎర్రగ పొంగిందే, డాక్టర్లు ఇదేం దద్దు అని అడుగుతాండ్రు గదా, అది దెబ్బ గాదు. గింజల పసరు. నువ్వు కింద వడ్డప్పుడు నా దిక్కు చూసినవ్. ముక్కు ఇట్ల అన్నవ్. వాసన వట్టినవ్. ఆ వాసన తెల్వని ఆడది మన దిక్కు ఉంటదా? అప్పుడే నీకు తెలిసిపోయింది. నీకు తెలిసిందని నాకు గూడ తెలిసింది.

అందుకే వచ్చిన ఇయ్యాల. పశ్చాత్తాపపడి వచ్చిన్నని అనుకోకు. నువ్వు రాస్తవేమోనని భయపడి వచ్చిన. రాస్తె ముందుగాల కుమారు పోతడు, ఆని ఎనుక నేను పోత. ఇంకోటి, కండ్ల డాక్టరు గూడ ఇడిసిపెడుతలేడు. ఆ శాంపూతోని గింత పుండు గాదు అవ్వా, నిజం చెప్పు అని మూడు దినాల సంది అదే అడుగుడు. రెప్ప కిందికెళ్లి నల్లటి పొట్టు తునక ఒకటి తీసిండు. చిన్న గాజు గిన్నెల ఏసి నా ముందట పెట్టిండు. ఇదేంది అన్నడు. నాకు తెల్వదు సార్ అన్న. చెట్టుది, ఏం గాదు అని పెడతరు మీరు, పేను చస్తాందంటె అది మందు గాదా అన్నడు. ముప్పై ఏండ్లు ఏదైతె ఇంట్లకు రాకుండ గడపల కాపలా కాసిననో, అది నా డబ్బాలనే ఉన్నది.

డబ్బా మందు అయితె మీద బొమ్మ ఉంటది, కడుక్కోమని రాసుంటది, దూరం పెట్టమని రాసుంటది. నువ్వు సదివి చెప్పేదానివి. నా గింజల మీద ఎవరు రాస్తరు?

రాజి ఎట్లున్నదని అడుగుతానవా? కండ్లతోని అడుగుతానవ్, తెలుస్తాంది. ఇదే దవాఖానల, కింద కండ్ల వార్డుల ఉన్నది. కుడి కన్ను మంచిగైతదట. ఎడమ దాంట్ల తెల్లగ మచ్చ వడ్డది. బేస్తారం కట్టు ఇప్పి చూస్తె తెలుస్తదట. రెండింటికీ కట్టే. దూది పెట్టి, పట్టీలు ఏసి, మూతి ఒక్కటే బయటికి.

నిన్ను అది అడుగలే.

అడుగలే వాసంతీ. ఎందుకో చెప్త. దినాం చెప్పుకుంటాంది నర్సులకు. మా అమ్మ మందు పెట్టింది, అమ్మను రానియ్యకుండ్రి అని. అరుగు మీద కూసొని నేను చెప్పిందంతా విన్నది గదా. కండ్లకు కట్టు ఉంటె చెవులు మూసుకపోతయా? దాని నెత్తికి పూసింది నేను, దానికి తెల్వదా అంటవా. తెలుసు. మొదటి దినం అడిగింది నన్ను. నాయనమ్మా, నువ్వు పెట్టినవు గదా అన్నది.

నేను ఏమన్న? లేదు బిడ్డా, నేను పెట్టింది ఉత్త కొబ్బరి నూనె, దాని కింద అమ్మ పొద్దుగాలనే మందు రాసింది, నువ్వు నిద్రల ఉంటివి అన్న. చిన్న పిల్ల. జర సేపు ఆలోచన చేసింది. తర్వాత నా చెయ్యి వట్టుకున్నది.

ఇంకా ఇడువలే. అన్నం నా చేత్తోనే తింటది. బాత్రూంకు నేను తోలుకపోవాలె. నేను టీకని లేస్తె నాయనమ్మా, నాయనమ్మా అని తడుముకుంటది. ఇంట్ల ఎప్పుడన్న నా కాడికి వచ్చిందా అది? నువ్వు డ్యూటీ నుంచి రాంగనే నీ కొంగు వట్టుకొని తిరిగేది. నాతోని మాట్లాడితె నా నోరు వాసన అనేది. ఇప్పుడు నా చెయ్యి ఇడుస్తలేదు. నాకు ఎట్లున్నదో చెప్పాల్నా? మంచిగున్నది. నా కండ్ల ముందట అది గుడ్డిదైతాంది, నాకు మంచిగున్నది. ఈ మాట ఆ దేవునికి గూడ చెప్పలే నేను.

ఏందీ? ఏం చేస్తానవ్?

సూది గుంజకు. అగో, నెత్తురు చూడు ఎట్ల కారుతాందో. ఆ పైపు ఇడువు. వాసంతీ, డాక్టరు లేవద్దన్నడు. నిలవడితె కండ్లు తిరుగుతయి నీకు. నా కొంగు ఇడువు, చినుగుతాంది. ఏడికి? కిందికా?

నీకు నెత్తి ఉన్నదా? దాని ముందటికి పోయి ఏం చేస్తవ్? నువ్వు అమ్మవని చెప్పేటందుకు నోరు లేకపాయె. నీ మొఖం చూసి పోల్చుకునేటందుకు దానికి కండ్లు లేకపాయె. ముట్టుకుంటె ఎవరో అని ఉలిక్కిపడి మొత్తుకుంటది. నా పేరే పిలుస్తది.

ఇడువవా? సరే. ఇడువకు.

అగో, పోలీసామె వచ్చింది, తలుపు కాడ నిలవడ్డది. అమ్మా, కాగితం తర్వాత రాస్తదట, జర పక్కకు జరుగు. ఏం లేదమ్మా, కింద పిల్ల ఉన్నది, చూసి వస్తదట. నేను వట్టుకున్న, పడనియ్య. నువ్వు గూడ రా, ఎనుక రా, వింటె వినుపో.

పా వాసంతీ. మెల్లగ. ఇరువై రెండు మెట్లు, దినాం ఎక్కి దిగుతాన్న. గోడ వట్టుకో. కింద మీరిద్దరు చెరొక దిక్కు ఉంటరు, నోరున్నదాన్ని నడుమ నేను ఒక్కదాన్నే. అమ్మ వచ్చింది అని దానికి నేనే చెప్పాలె. ఎందుకొచ్చింది అంటె అది గూడ నేనే చెప్పాలె. చెప్పుదమనే ఉన్నది ఇప్పుడైతె. కని అది నా చెయ్యి వట్టుకున్నంక నోట్లకెళ్లి ఏ మాట వస్తదో, నాకే నమ్మకం లేదు బిడ్డా.